బెంగళూరులో ఫ్లాటు: నెలనెలా అద్దెకా, ఒకేసారి లీజుకా?

మారతహళ్లి, కుందలహళ్లి, కేఆర్ పురం వైపు ఒక ఫ్లాటు కొని వదిలేసిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. టు-లెట్ బోర్డు పెట్టగానే బ్రోకరు అడిగే మొదటి మాట, "రెంటుకా సార్, లీజుకా?" లీజంటే ఇక్కడ మన ఊళ్ల భోగ్యం లాంటిదే. దిగేవాళ్లు పదిహేనో ఇరవయ్యో లక్షలు ఒకేసారి ఇస్తారు, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉంటారు. ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఆ సొమ్ము వడ్డీ లేకుండా వెనక్కివ్వాలి. నెలనెలా అద్దె కోసం ఫోన్లు చేసే బాధ లేదని అమెరికాలో ఉన్న ఓనర్లకి ఇది మరీ ముద్దు.

ముందు లెక్క చూద్దాం. నెలకి 28,000 అద్దె పలికే రెండు బెడ్రూముల ఫ్లాటుకి 20 లక్షల లీజు మాట్లాడారనుకోండి. అంకెలు ఏరియాని బట్టి మారతాయి, లెక్కగట్టే పద్ధతి ఇదే. అద్దెకిస్తే ఏడాదికి 3,36,000. ఆ 20 లక్షలు ఆరున్నర శాతం ఎఫ్‌డీలో వేస్తే వచ్చేది 1,30,000. ఏటా రెండు లక్షల పైచిలుకు వదులుకున్నట్టే. ఇంకోవైపు నుంచి చూడండి: మీరు లీజుదారుడి దగ్గర 20 లక్షలు అప్పు తెచ్చి, వదులుకున్న అద్దె రూపంలో నెలకి 28,000 వడ్డీ కడుతున్నారు. నూటికి రూపాయి నలభై పైసలు. బ్యాంకువాళ్ల లెక్కలో 16.8 శాతం.

ఈ రూపాయి నలభై పైసలు తెలిస్తే సగం సందేహం తీరినట్టే. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పో, క్రెడిట్ కార్డు బాకీయో నెత్తిమీద ఉంటే లీజు సొమ్ముతో అది తీర్చేయడం లాభమే. ఎనిమిది, తొమ్మిది శాతం హోమ్‌లోను తీర్చడానికి లీజుకివ్వడం మాత్రం తక్కువ వడ్డీ అప్పు తీర్చి ఎక్కువ వడ్డీ అప్పు నెత్తికెత్తుకోవడం. "లోను పోయింది కదా, ప్రశాంతం" అంటారు. అప్పు ఎక్కడికీ పోలేదు, మీ ఇంట్లోనే కాపురం ఉంటోంది.

అన్నిటికంటే ప్రమాదం లీజు డబ్బు పెట్టి ఊరి బయట హోసకోటె వైపో దేవనహళ్లి వైపో సైటు, అంటే ఇంటి స్థలం, కొనడం. సైటు ధర పెరగవచ్చు, కాదనను. కానీ లీజుదారుడు రెండు నెలల నోటీసిచ్చి ఖాళీ చేస్తానంటే ఆ రెండు నెలల్లో సైటు అమ్ముడుపోదు. ఖాతా అనే ఆస్తి రికార్డు కాగితాల్లో ఏదైనా మెలిక ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అప్పుడు ఓనరుకి మిగిలే దారి ఒక్కటే, కొత్త లీజుదారుణ్ణి పట్టుకుని అతని డబ్బు తెచ్చి పాతతనికి ఇవ్వడం.

నెలాఖరు ఆదివారాల్లో మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఈ బాగోతం కనిపిస్తూనే ఉంటుంది. రెండు టాటా ఏస్‌లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒకదాంట్లో వెళ్లేవాళ్ల ఫ్రిజ్జు, మంచాలు ఎక్కించేశారు, ఇంకోదాంట్లో వచ్చేవాళ్ల సామాను తాళ్లు విప్పలేదు. అకౌంట్లో డబ్బు పడితేగానీ తాళం ఇవ్వనని పాతాయన. ఇల్లు చేతికి రాకుండా డబ్బెలా వేస్తానని కొత్తాయన. చివరికి ఒప్పుకుని డబ్బు వేయబోతే, కొత్తగా చేర్చిన అకౌంటుకి మొదటి రోజు ఇంతకు మించి పంపకూడదని బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. లిఫ్టు టైము అయిపోయిందని సెక్యూరిటీ అతను ఒక పక్కన. ఓనరు ఫోన్లో ఇద్దరినీ బతిమాలుతూ ఉంటాడు. అద్దె ఇంట్లో ఇంత గొడవ ఉండదు. లక్షన్నర అడ్వాన్సులో పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది పంపితే సరి. ఆ పెయింటింగ్ గురించి కాస్త వాదన జరుగుతుంది, అంతే.

చట్టం సంగతికొస్తే, అద్దె ఇల్లు సాధారణంగా పదకొండు నెలల అగ్రిమెంటు మీద నడుస్తుంది. ఏడాది దాటిన లీజు పత్రం రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి ఈ అలవాటు. 1999 కర్ణాటక రెంట్ యాక్టు బెంగళూరులో నెలకి 3,500 దాటిన ఇళ్లకి వర్తించదు. ఈరోజు ఆ అద్దెకి ఇల్లెక్కడ దొరుకుతుంది? కాబట్టి మన ఫ్లాట్లన్నీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికే వస్తాయి. నెలవారీ అద్దెదారుణ్ణి ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. వినకపోతే సివిల్ కోర్టు. కోర్టు ఎంత నెమ్మదో తెలిసిందే, అయినా అక్కడ మీ వాదన సూటిగా ఉంటుంది.

భోగ్యం తరహా లీజు అలా కాదు. అదే చట్టంలో 58వ సెక్షన్ కింద ఇల్లు స్వాధీనం చేసి డబ్బు తీసుకునే తాకట్టు ఒకటుంది. మీరు రాసుకున్న కాగితాన్ని కోర్టు అలా చదివితే, డబ్బు మొత్తం ముట్టేదాకా ఇల్లు వదలనని లీజుదారుడు అనవచ్చు. ఆ మాటలో న్యాయం కూడా ఉంది. స్టాంపు డ్యూటీ లెక్కలో డిపాజిట్‌ని కూడా కలుపుతారు కాబట్టి, ఖర్చు తప్పించుకోవడానికి చాలామంది 20 లక్షల వ్యవహారాన్ని కూడా పదకొండు నెలల మామూలు కాగితం మీదే కానిచ్చేస్తారు. గొడవ వచ్చినప్పుడు ఆ కాగితం ఇద్దరిలో ఎవరికీ గట్టిగా అక్కరకు రాదు.

ఫ్లాటు మీద లోను ఉందా, ఇంకా జాగ్రత్త. తాకట్టులో ఉన్న ఇంటిని ఓనరు అద్దెకివ్వవచ్చు గానీ, ముందుగా పెద్ద మొత్తం పుచ్చుకోకూడదు, మూడేళ్లు మించకూడదు అని అదే చట్టంలో 65ఏ సెక్షన్. బ్యాంకు ఒప్పందంలో దీనికంటే కఠినంగా కూడా ఉండొచ్చు. లీజు మాట్లాడే ముందు బ్యాంకు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. నోటిమాట చాలదు.

పన్ను దగ్గర ఒక భ్రమ బాగా పాతుకుపోయింది: అద్దె రాదు గనక లీజుకి పన్ను లేదని. చట్టం చూసేది చేతికొచ్చిన అద్దె ఒక్కటే కాదు, ఆ ఇంటికి న్యాయంగా ఎంత అద్దె రావచ్చు అన్నది కూడా. ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను సరేసరి. అద్దె ఆదాయంలోనైతే ప్రాపర్టీ టాక్సు పోను మిగిలిన దాంట్లో 30 శాతం నేరుగా తగ్గిస్తారు, అద్దెకిచ్చిన ఇంటి లోను వడ్డీ కూడా తీసేసుకోవచ్చు. ఎన్నారై ఓనరుకి అద్దె కట్టేవాళ్లు 30 శాతం పైన టీడీఎస్ కోయాలి. ఇది తెలియక ఇబ్బంది పడే అద్దెదారులు చాలామంది, ముందే చెప్పడం మర్యాద. ఇక లీజు సొమ్ములో సగం క్యాష్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఇరవై వేలు, ఆ పైన అప్పుగానో డిపాజిట్‌గానో నగదు తీసుకుంటే, తీసుకున్నంతా పెనాల్టీగా పడవచ్చు. కార్పొరేషన్ ప్రాపర్టీ టాక్సులో కూడా సొంతంగా ఉంటున్నట్టు రాసి తక్కువ కట్టడం ఇక్కడ చాలామందికి అలవాటు. అద్దెకైనా లీజుకైనా రేటు ఎక్కువే, అలాగే కట్టాలి.

మధ్యలో ఇంకో రకం ఉంది. "మీ ఇల్లు మాకివ్వండి, నెలనెలా అద్దె మేం వేస్తాం" అని వచ్చే మధ్యవర్తులు. మీకు అద్దె వేస్తూ, లోపల దిగినవాళ్ల దగ్గర లీజు సొమ్ము లక్షల్లో వసూలు చేసుకుంటారు. కొన్నాళ్లకి అద్దె ఆగిపోతుంది, ఆఫీసు మూతపడుతుంది. లోపలున్న కుటుంబం "మేం పద్దెనిమిది లక్షలు ఇచ్చాం" అని ఏడుస్తూ మీ ముందు నిలబడుతుంది. ఆ డబ్బు మీరు చూసింది లేదు, వాళ్లని వెళ్లగొట్టడానికి మనసూ రాదు. ఇంట్లో ఎవరుంటారో వాళ్ల పేరు మీదే, మీ సంతకంతోనే అగ్రిమెంటు జరగాలి.

నన్నడిగితే మామూలుగా అద్దెకే ఇమ్మంటాను. ఖరీదైన అప్పు తీర్చాల్సి ఉండి, తిరిగిచ్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే చెప్పగలిగితే లీజు. మరీ అవసరమైతే సగం సగం మాట్లాడుకోవచ్చు: 10 లక్షలు డిపాజిట్, నెలకి 14,000 అద్దె. వడ్డీ అదే రూపాయి నలభై, కానీ వెనక్కివ్వాల్సింది సగమే. బ్యాంకు లోను ఉంటే దీనికీ అనుమతి తప్పదు. ఏది రాసుకున్నా నోటీసు కనీసం మూడు నెలలు పెట్టండి. అకౌంటు నంబరు ముందే తీసుకుని, ఖాళీ చేసే రోజుకి వారం ముందు వెయ్యి రూపాయలు పంపి చూసుకోండి.