శనివారం రాత్రి ఫుట్‌బాల్, కారం దోసె: నెల్లూరులో ఒక హోటలు గురించి

మాగుంట లేఔట్‌లో మేడమీద ఉన్న ఈ టిఫిన్ హోటలుకు గత ఆగస్టు నుంచి, అంటే ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ సీజను మొదలైనప్పటి నుంచి, దాదాపు ప్రతి శనివారం వెళుతున్నాను. నెల్లూరులో క్రికెట్ మ్యాచ్ చూపించే చోట్లకు కొదవ లేదు గాని, యూరప్ ఫుట్‌బాల్ కోసం గోడకు తెర కట్టి, రాత్రి పదకొండు దాటినా పొయ్యి ఆర్పని హోటలు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

తెర పెద్దదే, బొమ్మ స్పష్టంగానే ఉంటుంది. పై అంతస్తులో కాపురం ఉన్నవాళ్ల కోసం పది దాటాక శబ్దం తగ్గిస్తారు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, నడుం నొప్పి ఉన్నవారు గోడవారగా కూర్చోవడం మేలు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. కాఫీ బాగుంటుంది, టీ మామూలు.

హోటలుకు అసలు విలువ తెచ్చేది కిటికీ పక్కనున్న పొడుగాటి బల్ల. ఒక బ్యాంకు ఉద్యోగి, రిటైరైన లెక్చరరు ఒకాయన, ఇద్దరు ముగ్గురు మెడికల్ విద్యార్థులు అక్కడ చేరుతారు. కొత్తవారికీ చోటిస్తారు, కానీ గొంతు పెంచినంత మాత్రాన ఎవరి వాదనా చెల్లదు. ఈ ఏడాది వారి చర్చ ఎక్కడ మొదలైనా చివరకు ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతోంది: చిన్ననాటి నుంచి సొంత శిక్షణ అకాడమీలో పెంచిన కుర్రాళ్లను క్లబ్బులు ఎందుకు పోగొట్టుకుంటున్నాయి?

బ్యాంకు ఉద్యోగి లండన్ క్లబ్బు చెల్సీకి అభిమాని. తన అకాడమీలో పెరిగిన కోల్ పామర్‌ను 2023లో మాంచెస్టర్ సిటీ చెల్సీకి 4 కోట్ల పౌండ్లకు, మరికొంత షరతుల మీద వచ్చే సొమ్ముకు వదులుకోవడం ఎంత తెలివితక్కువ పనో ఆయన ప్రతి వారం వివరిస్తారు. దానికి లెక్చరరుగారి జవాబు కూడా ప్రతి వారం ఒకటే. డెక్లన్ రైస్‌ను పద్నాలుగేళ్ల వయసులో ఇంటికి పంపింది చెల్సీయే. ఆ కుర్రాణ్ణి వెస్ట్ హామ్ చేరదీసి పెంచితే, అదే 2023లో ఆర్సెనల్ 10 కోట్ల పౌండ్లు, ఆపైన మరో 50 లక్షలు ఒప్పుకుని కొనుక్కుంది. జమాల్ ముసియాలా 2019లో పదహారేళ్లకే చెల్సీ నుంచి జర్మనీ క్లబ్బు బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లిపోయాడు. సిటీని తప్పు పట్టే హక్కు చెల్సీ అభిమానులకు లేదని ఆయన వాదన.

ఈ వాదనలో నాకు కొత్తగా తెలిసిన సంగతి లెక్కల పుస్తకానిది. బయటి నుంచి కొన్న ఆటగాడి ధరను కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి ఖర్చుగా రాసుకుంటారు; సొంత అకాడమీ కుర్రాడికి అట్లాంటి కొనుగోలు ధర ఉండదు కనుక, అతన్ని అమ్మితే వచ్చినదంతా ఆ ఏటి లాభంగా కనిపిస్తుంది. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం రాకూడదన్న లీగ్ నిబంధన మెడమీద ఉన్న రోజుల్లో, మేసన్ మౌంట్‌ను 2023లో, కానర్ గాలగర్‌ను 2024లో అమ్మడం చెల్సీకి ఎందుకు సులువైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. క్లబ్బులు అదుపులో ఉండాలని పెట్టిన నిబంధనే ఇంటి పిల్లలను ముందుగా అమ్మేలా పురికొల్పిందని బ్యాంకు ఉద్యోగి అంటారు. సొంత క్లబ్బును వెనకేసుకు రావడానికే అన్నా, మాట మాత్రం సబబైనదే.

చిన్న క్లబ్బుల కష్టం వేరు. ఇంగ్లండులో 2012లో వచ్చిన కొత్త విధానం అకాడమీలను నాలుగు తరగతులు చేసి, ఒకరి కుర్రాణ్ణి మరొకరు తీసుకుపోతే, బేరం కుదరని పక్షంలో ఇవ్వాల్సిన పరిహారాన్ని ముందే పట్టికగా ఖరారు చేసింది. పెద్ద క్లబ్బులకు ఆ మొత్తం చిల్లర కింద లెక్క. పెంచిన పిల్లలను కొద్దిపాటి సొమ్ముకే పెద్దవాళ్లు ఎగరేసుకుపోతుంటే ఖర్చు భరించడంలో అర్థం లేదని బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బు 2016లో ఏకంగా అకాడమీనే మూసేసింది. దాన్ని మళ్లీ తెరవడానికి కొన్నేళ్లు పట్టింది.

మెడికల్ విద్యార్థి ఒకరు ఇవన్నీ చెబుతుండగా, నీళ్ల గ్లాసులు పెట్టడానికి వచ్చిన హోటలు యజమాని అక్కడే నిలబడిపోయారు. ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బుకు ఆటగాడు అమ్ముడైనప్పుడు, పన్నెండో ఏట నుంచి ఇరవై మూడో ఏట వరకు అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నిటికీ కలిపి ధరలో 5 శాతం పంచాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధన ఉందని వినగానే ఆయన అందుకున్నారు: "ఏంది సార్, ఆ రూలేదో మాకూ పెట్టించండి. పిండి కలపడం దగ్గర్నించి మా దోసె కుర్రాడికి నేర్పిచ్చింది నేను. ఇప్పుడు చెన్నైలో వాడు పోసే ప్రతి వంద దోసెల్లో అయిదు నావి."

ఇది తినేవారికి సంబంధించిన విషయం కనుక వివరంగా చెప్పాలి. సంక్రాంతి దాకా ఇక్కడి కారం దోసె అద్భుతం. అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా, ఎర్ర కారం అట్టంతా సమంగా పరుచుకుని, నెయ్యి చేతికి అంటేంత మాత్రమే ఉండేది. అది వేసిన కుర్రాడు బల్లలు తుడవడానికి చేరి, మూడేళ్లలో మాస్టరయ్యాడు. పండుగకు ఊరెళ్లినవాడు తిరిగి రాలేదు; చెన్నైలో ఒక హోటలు దాదాపు రెట్టింపు జీతం ఇచ్చి తీసుకుపోయింది. అప్పటి నుంచి దోసెకు ఒక రోజు ఉన్న రుచి మరో రోజు ఉండటం లేదు. రెండుసార్లు కారం ఒకే మూల కుప్పపడింది, ఒకసారి అడుగు మాడింది. వేరుశెనగ చట్నీ ఒక్కటే మునుపటిలా ఉంది.

యజమాని మీద అందరికీ జాలి కలిగిన ఆ సమయంలో లెక్చరరుగారు, "శనివారం రాత్రి పెనం వాడికి ఎప్పుడన్నా ఇచ్చావా అబ్బయా?" అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, "పెద్ద మాస్టర్ ఉండంగా ఎట్ట ఇస్తా సార్? జనం ఎక్కువుండే రోజు తేడా వస్తే పేరు పోద్ది గదా" అన్నారు. ఆ కుర్రాడికి దొరికింది ఉదయాలు, పనిరోజులు మాత్రమేనట. శనివారం మేము తిన్న దోసెలు సైతం పెద్దాయన టీకి దిగినప్పుడు అతను వేసినవట.

నా మట్టుకు ఆ రాత్రి చర్చ అక్కడితో తేలిపోయింది. జేడన్ సాంచో 2017లో పదిహేడేళ్ల వయసులో సిటీని వదిలి జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్‌కు వెళ్లింది పెద్ద జట్టులో ఆడే అవకాశం కోసం. మాంచెస్టర్ యునైటెడ్ నుంచి 2012లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు పోయిన పోగ్బాదీ చాలావరకు అదే కథ. నాలుగేళ్ల తర్వాత అతన్నే తిరిగి తెచ్చుకోవడానికి యునైటెడ్‌కు 8.9 కోట్ల పౌండ్లయింది. 1937 నుంచి ప్రతి మ్యాచ్ జట్టులోనూ సొంత అకాడమీ ఆటగాడు ఒక్కడైనా ఉంటున్నాడని గర్వంగా చెప్పుకునే క్లబ్బుకే ఇట్లా జరిగింది. పరిహారాలు, శాతాలు, పుస్తకాల లెక్కలు నిజమే గాని, కుర్రాడి మనసు ముందుగా విరిగేది జనం ఉన్న రోజున ఆడనివ్వకుండా మైదానం పక్క బల్ల మీద కూర్చోబెట్టినప్పుడు.

యజమాని ఆ మాట పట్టించుకున్నట్టున్నారు. ఫిబ్రవరి నుంచి కొత్తగా చేరిన అబ్బాయికి శనివారం రాత్రి పెనం అప్పగించి, పెద్ద మాస్టర్‌ను పక్కన నిలబెడుతున్నారు. దోసెలు ఒకదానికొకటి పోలిక లేకుండా రావడానికి కారణం అదే కనుక, మాడిన అట్టుకు నేను కోసిన ఒక నక్షత్రాన్ని సగం వెనక్కి ఇచ్చి, అయిదుకు నాలుగున్నర వేస్తున్నాను. వెళ్లేవారు దోసెను మాత్రం రెండో సగం మొదలయ్యాక చెప్పండి. విరామంలో వచ్చిన రద్దీ తగ్గి, అప్పటికి అబ్బాయి చేయి కుదురుకుంటుంది.