గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి, ఆస్పత్రి పక్క లాడ్జి

గుంటూరులో ఆస్పత్రుల దగ్గర లాడ్జి తీసుకునేవాళ్లు చెకౌట్ టైం రసీదు మీద రాయించుకోండి. మాకు ఫోన్‌లో ఇరవై నాలుగు గంటలన్నారు. సాయంత్రం ఆరింటికి దిగి 1,400 కట్టాం. తెల్లారి ఎనిమిదింటికే తలుపు కొట్టి, టైం దాటిందని ఇంకో 700 అడిగారు. వేడినీళ్లు బకెట్‌కు 30. బిల్లు ఇమ్మంటే మేనేజర్ విననట్టే ఉన్నాడు.

పక్క గదిలో పల్నాడు నుంచి వచ్చిన పెద్దాయన, భార్యకు ఆపరేషన్. ఆయన దగ్గరా 700 లాగారు. మా పిన్ని స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది, పేషెంటు తాలూకు మనుషుల అవస్థలన్నీ తెలిసిన మనిషి. కౌంటర్ దగ్గర నిలబడి గట్టిగా అడిగి ఆయన డబ్బు ఇప్పించింది. మాది మాత్రం రాలేదు. ఆ రోజంతా పిన్ని టిఫిన్ కూడా సరిగ్గా తినలేదు.

అసలు మేం వెళ్లింది ఆవిడ ఎప్పటినుంచో చూడాలంటున్న కుగ్లర్ ఆస్పత్రి కోసం. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. పంపిన లూథరన్ క్రైస్తవ మిషన్ ఆవిడను మొదట డాక్టరుగా కాదు, బడి పనికే వేసింది. కానీ ఘోషా ఇళ్లలో ఆడవాళ్లు మగ డాక్టరు ముందుకు వచ్చేవాళ్లు కాదు. అందుకని ఇళ్లకే వెళ్లి వైద్యం చేసింది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆస్పత్రి 1898లో తెరిచారు. కేథరిన్ ఫాస్ అనే నర్సు తోడుగా నిలబడింది. మన అమ్మాయిలు అక్కడ నర్సు పని నేర్చుకున్నారు. గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చింది 1946లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందు మాట ఇది. కుగ్లర్ 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసింది.

భార్యకు ఆవిడ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు రోగుల బంధువుల కోసం ఆస్పత్రి ఎదుట సత్రం కట్టించారు. గేటు దగ్గర పిన్ని ఈ సంగతి చెబుతుంటే, పొద్దున లాడ్జి కౌంటర్ గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. రోగితో వచ్చినవాళ్లకు తల దాచుకునే చోటు కూడా వైద్యంలో భాగమేనని ఆ రాజాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఆ వీధుల్లో గది అద్దెల పట్టిక కూడా ఎక్కడా కనిపించలేదు. కార్పొరేషన్ వాళ్లు కనీసం అదన్నా పెట్టించాలి.

మధ్యాహ్నం మెస్‌లో భోజనం 110, గోంగూర పచ్చడి మళ్లీ మళ్లీ వేశారు. పిన్ని అక్కడే కాస్త కుదుటపడింది. చూడ్డానికే వెళ్లేవాళ్లు విజయవాడలో దిగి, పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. పేషెంటుతో వెళ్లేవాళ్లు మాత్రం గది వెతకడానికి ముందు, అటెండెంట్లు ఉండే చోటు ఉందేమో ఆస్పత్రిలోనే అడగండి.