‘శ్వరరావు’ మాత్రమే మిగిలిన పేరు: బ్రాడీపేటలోని ఒక డేటా రికవరీ షాపు గురించి

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన తర్వాత రైతుకు బాండు, అంటే సరుకు మా దగ్గర దాచినట్టు రసీదు, రాసిచ్చేది మా గదిలోనే. రైతు పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను కంప్యూటర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ అనే రహస్య విలువ లేకుండా ఎవరూ చదవలేనట్టు మార్చి దాస్తాం. బాండు మీద అప్పు తీసుకునే రైతుకు ఆ నంబర్లు తప్పకుండా కావాలి. మా దగ్గర మిగిలే నకలు మీద పేరు, లాట్ నంబరు, టిక్కీల లెక్క తప్ప మరేమీ ఉండవు.

నిరుడు మార్చిలో, సరుకు జోరుగా వస్తున్న రోజుల్లో, సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవారు సర్వర్ మార్చి కొత్త ప్రోగ్రాం పెట్టారు. రాసిన రోజునే తెరిచి చూసిన బాండ్లు సరిగ్గానే కనిపించేవి. మూడు వారాల తర్వాత ఒక రైతు అప్పు కాగితాల కోసం వచ్చినప్పుడు పాత బాండు తెరిచాను. వెంకటేశ్వరరావు అని ఉండాల్సిన చోట ముందంతా నల్లటి వజ్రం గుర్తులు, వాటిలో ప్రశ్నార్థకాలు, చివర ‘శ్వరరావు’. ఆధార్ గడి పూర్తిగా ఖాళీ. సుమారు 1,100 బాండ్లు అలాగే ఉన్నాయి. ప్రోగ్రాం రాసినవారిని అడిగితే, ఇక తిరిగి రావు, రైతులందరినీ పిలిచి మళ్లీ రాయించుకోండి అన్నారు. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి సరుకు తెచ్చి వెళ్లిన వాళ్లను కూలి పని మానుకుని మళ్లీ రమ్మని ఏ ముఖంతో అడగాలి?

మా యజమాని బంధువు ఒకరు బ్రాడీపేటలోని ఈ షాపు గురించి చెప్పారు. కింద జిరాక్స్ షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన ఒకే గది. నడిపేది ముప్పై ఏళ్లు దాటని కుర్రవాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆపి, “మేడమ్, పేరు చివర బాగానే ఉందా? అయితే కీ సరైనదే. కీ తప్పయితే ఒక్క అక్షరం కూడా మిగిలేది కాదు” అన్నాడు. ఈ గొడవ బయటపడ్డాక నాకు దొరికిన మొదటి మంచి మాట అదే.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద గళ్లు గీసి చూపించాడు. మా ప్రోగ్రాం వాడే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి అక్షరాలను 16 బైట్ల గళ్లుగా కోసి మారుస్తుంది. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, సున్నకు, పొల్లుకు ఒక్కొక్కదానికి యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) 3 బైట్లు. వ, ఎత్వం, సున్న, క, ట కలిసి 15 బైట్లు. ఆ తర్వాతి ఏత్వంలో ఒక్క బైటుతో మొదటి గడి నిండిపోయింది. రెండో గడిలో ఏత్వం ముక్క విరిగి మిగిలితే, దాని వెనక శ్వరరావు క్షేమంగా ఉంది. మొదటి గడి మాత్రమే పాడయిందంటే లోపం ఐవీలోనే, అంటే ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేటప్పుడు తొలి గడికి కలిపే 16 బైట్ల విలువలోనే అని తేల్చాడు. ఆధార్ 12 అంకెలు, 12 బైట్లు. అది మొత్తం తొలి గడిలోనే ఇరుక్కుంది కాబట్టి ఒక్క అంకె కూడా మిగల్లేదు. ఇన్నాళ్లు సర్వర్ పాడయిందనీ, ఫాంటు పాడయిందనీ ఎవరికి తోచింది వారు చెప్పారు. నా కళ్ల ముందున్న వంకర పేరు అసలు సంగతంతా చెబుతోందని ఎవరూ గమనించలేదు.

కోడ్ చదివి ఇంకొకటి కనిపెట్టాడు. కొత్త ప్రోగ్రాం ఉదయం తెరిచినప్పుడు ఒక ఐవీని పుట్టించి ఆ రోజంతా దాన్నే వాడుతోంది, ఎక్కడా దాచడం లేదు. ఒక్కో పేరుకు, ఒక్కో నంబరుకు వేరే ఐవీ వాడాల్సింది పోయి ఇలా చేయడం భద్రతకు పెద్ద లోపం. కానీ మాకు దారి చూపించింది ఆ లోపమే. ఆ రోజు బాండ్లలో ఒక్క పేరు నకలు మీద ఉంటే చాలు: కీతో తొలి గడిని విప్పి, దానికి అసలు పేరులోని తొలి 16 బైట్లను ఎక్స్ఓఆర్ చేస్తే (రెండింటినీ బిట్టు బిట్టుగా పోల్చి కలిపే లెక్క) ఆనాటి ఐవీ బయటికి వస్తుంది. దానితో ఆ రోజు బాండ్లన్నీ, ఆధార్, ఖాతా నంబర్లతో సహా తెరుచుకుంటాయి. రోజుకు రెండు నకళ్లు తెమ్మన్నాడు, ఒకటి ఐవీ తీయడానికి, రెండోది సరిచూడటానికి.

ఆ రెండో నకలు ఎందుకో ఒక రోజు బాండ్ల దగ్గర అర్థమైంది. లెక్క ప్రకారం ఐవీ వచ్చింది, సరిచూస్తే రెండో పేరు మళ్లీ చెత్తగానే వచ్చింది. కాసేపు ఆలోచించి, “మేడమ్, ఐవీ తీసిన మొదటి పేరుకు ముందు ఎవరైనా ఖాళీ కొట్టారేమో” అన్నాడు. కాగితం మీద కనిపించని ఒక్క ఖాళీ, ఒక్క బైటు. అది కలిపి చేయగానే ఆ రోజు బాండ్లన్నీ వచ్చేశాయి. నాకు కళ్లు చెమర్చాయి.

సర్వర్ మార్చిన తొలిరోజు 37 బాండ్లు మాత్రం రాలేదు. ఆ రోజు ఎన్‌క్రిప్ట్ అయిన బైట్లను బేస్64లోకి (ఏ బైట్లనైనా మామూలు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతో రాసే పద్ధతిలోకి) మార్చకుండా నేరుగా అక్షరాలుగా దాచారట. యూటీఎఫ్-8కు పొసగని ప్రతి చోటా ఈఎఫ్, బీఎఫ్, బీడీ అనే మూడు బైట్లు వచ్చి కూర్చున్నాయి, అసలువి చెరిగిపోయాయి. “వీటిని ఎవరూ తేలేరు మేడమ్, తెస్తామన్నవారికి డబ్బు ఇవ్వకండి” అని చెప్పి వాటికి రూపాయి తీసుకోలేదు.

మిగతా పనికి 7,000 రూపాయలు, రెండు రోజులు. పనంతా నా ఎదుటే, డేటాబేసు నకలు మీదే చేశాడు. అయ్యాక తన దగ్గరున్న కీని, నకలును నా చేతే చెరిపించాడు. ప్రోగ్రాంలో ప్రతి పేరుకూ, ప్రతి నంబరుకూ కొత్త ఐవీ పుట్టించి ఎన్‌క్రిప్ట్ అయిన బైట్ల ముందే దాన్ని కలిపి, మొత్తాన్ని బేస్64లో దాచేలా మార్పు రాసిచ్చాడు. వెంకటేశ్వరరావు ఇప్పుడు 88 అక్షరాలు ఆక్రమిస్తాడు, పట్టిక గడి వెడల్పు కూడా పెంచాడు. డేటా పాడయితే చెత్త చూపించకుండా ఆగిపోయే జీసీఎం పద్ధతికి మారమని సలహా ఇచ్చాడు, ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు.

లోటు చెప్పాలంటే, కూర్చోవడానికి ఒకే కుర్చీ, మధ్యాహ్నం ఫోను ఎత్తడు, అడిగితే తప్ప బిల్లు ఇవ్వడు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ మెట్లు కష్టం. వెళ్లేవారు పాడయిన డేటాబేసును దాని మానాన ఉంచి ఒక నకలు, ప్రోగ్రాం కోడ్, చేతిలో ఉన్న పాత కాగితాలు తీసుకెళ్లండి. ఆదివారం తెరవడు.