ఆస్కార్ పిల్లలకు గుళికల మేత: పది వారాలు వాడి చూశాక

మూడు ఆస్కార్ చేపపిల్లలను ఇంటికి తెచ్చిన రోజు ఒక్కొక్కటి 5 సెంటీమీటర్లు ఉంది. నల్లటి ఒంటి మీద తెల్లటి వంకర గీతలు, ఒంటికి మించిన నోరు. పది వారాలు గడిచాయి. ఈ రోజు ఉదయం గాజుకు స్కేలు ఆనించి చూస్తే పెద్దది 11 సెంటీమీటర్లు, మిగిలిన రెండూ పదికి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటి ప్రధాన ఆహారం ఒకటే: మాంసాహార చేపల కోసం చేసిన, నీటి మీద తేలే 3 మిల్లీమీటర్ల గుళికలు, 250 గ్రాముల డబ్బా. ఇలాంటివి ఎన్నో పేర్లతో దొరుకుతాయి. అందుకే పేరు పక్కన పెట్టి, డబ్బా వెనక ఏమి రాసి ఉంది, మా తొట్టిలో ఏమి జరిగింది అన్నవే చెబుతాను.

నేను పాఠశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. తొట్టి పక్కన ఒక గీతల పుస్తకం ఉంటుంది. ఎన్ని గ్రాముల మేత వేశానో, మర్నాడు ఉదయం నీటిలో అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ ఎంత ఉన్నాయో అందులో రాస్తాను. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి విషమైన అమ్మోనియా వస్తుంది; వడపోతలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తరువాత అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆస్కార్ దేన్నయినా ఆబగా మింగుతుంది. అందువల్ల చేపలు ఇష్టంగా తింటున్నాయన్న మాటతో ఏ మేత మంచిదో తేల్చలేం. మర్నాటి నీళ్లు చూశాకే నేను మేతను నమ్ముతాను.

గుళికల వైపు రావడానికి కారణం మూడేళ్ల కిందటి దుఃఖం. అప్పుడు ఒకే ఆస్కార్ ఉండేది. దానికి బతికున్న చిన్న గోల్డ్‌ఫిష్‌లు వేసేవాడిని. వేటాడే చేపకు వేట చూపించాలని అనుకున్నాను. ఒక విడత తెచ్చిన వాటితో తెల్లమచ్చల వ్యాధి వచ్చింది. వారం తిరగకుండానే అది చనిపోయింది. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుందని, అది విటమిన్ బి1ను విరగ్గొడుతుందని, అదే పనిగా వాటినే పెడితే తినే చేపకు ఆ విటమిన్ కరువవుతుందని ఆ తరువాత చదివాను. ముందే చదివి ఉండాల్సింది. ఈ మూడింటికి ఒక్క బతికున్న చేపను కూడా వేయలేదు.

ఇక డబ్బా సంగతి. పదార్థాల వరుసలో మొదట చేపపొడి, తరువాత రొయ్యపొడి, ఆ తరువాత గోధుమపిండి ఉన్నాయి. మాంసకృత్తులు 45 శాతం, కొవ్వు 10, పీచు 3, తేమ 10. పెరిగే వయసులోని మాంసాహార చేపకు ఇది తగిన పాళ్లే. పిండి మొదటి స్థానంలో ఉన్న మేతలు కూడా మాంసాహార చేపల మేత అనే అమ్ముతారు కనుక డబ్బా ముందు వైపు బొమ్మను వదిలేసి ఈ వరుసను చదవండి. కొనే ముందు నేను చూసేది ఇదొక్కటే.

వాడే ముందు ఒక చిన్న పరీక్ష చేశాను. గాజు గ్లాసులో తొట్టి నీళ్లు తీసుకుని అయిదు గుళికలు వేసి గడియారం చూశాను. పది నిమిషాలకు మెత్తబడ్డాయి కాని ఆకారం చెడలేదు. అరగంటకు ఉబ్బి, రెండు మునిగాయి. గంట తరువాత చెంచాతో తీస్తే గుళిక గుళికగానే వచ్చింది. నీళ్లలో పలుచని పసుపు రంగు తప్ప మడ్డి లేదు. దీనికి ముందు వాడిన మరో మేత ఇదే పరీక్షలో అయిదు నిమిషాలకే పిండి నీళ్లలా చేసింది. ఆస్కార్ల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. అవి మేతను గొంతులోని పళ్లతో నలిపి, ఉమ్మి, మళ్లీ నోట్లోకి తీసుకుంటాయి. నలిగిన పొడి మొప్పల సందుల్లోంచి పొగలా బయటికి వస్తుంది. గుళిక ఎంత గట్టిగా ఉంటే ఆ పొగ అంత తక్కువ. ఈ విషయంలో ఈ మేతకు నా పూర్తి మార్కులు.

పిల్లలను గుళికలకు అలవాటు చేయడానికి ఆరు రోజులు పట్టింది. అమ్మినవారి దగ్గర అవి రక్తపురుగులు అనే ఎర్రటి చిన్న లార్వాలు తిని పెరిగాయి. గుళికను చెత్తను చూసినట్లు చూశాయి. ఒక రోజు ఏమీ వేయలేదు. ఆరోగ్యంగా ఉన్న 5 సెంటీమీటర్ల ఆస్కార్‌కు ఒక రోజు ఉపవాసం హాని చేయదు. రెండో రోజు గడ్డకట్టిన రక్తపురుగుల ముక్కను కరిగించి, ఆ ఎర్రటి రసంలో సగానికి విరిచిన గుళికలను పది నిమిషాలు నానబెట్టి, పురుగులతో కలిపి వేశాను. నాలుగో రోజు పెద్దది ఒకటి నోట్లోకి తీసుకుని ఉమ్మింది, మళ్లీ తీసుకుంది, మింగింది. అది తినడం చూసి మిగిలినవి కూడా వచ్చాయి. ఆరో రోజుకు పురుగుల అవసరం తీరింది. మొదటి రెండు వారాలూ గుళికలను విరిచే వేశాను. 5 సెంటీమీటర్ల పిల్లకు 3 మిల్లీమీటర్ల గుళిక మింగడానికి వీలైనా, విరిస్తే ఉమ్మడం తగ్గుతుంది.

మూడో వారంలో దెబ్బ తగిలింది. ఈ మేత మీద నా పెద్ద ఫిర్యాదు కూడా ఇదే. డబ్బా మీద ‘రోజుకు మూడు నాలుగు సార్లు, అయిదు నిమిషాల్లో తినగలిగినంత’ అని ఉంది. అయిదు నిమిషాల్లో ఆస్కార్ పిల్ల తన పొట్ట గుండ్రంగా ఉబ్బేంత తింటుంది. నేను ఆ సూచన నమ్మి నాలుగు రోజులు అలాగే వేశాను. అయిదో రోజు ఉదయం మూడూ నీటి పైభాగాన రెక్కలు ముడుచుకుని, వేగంగా మొప్పలు కదిలిస్తూ ఉన్నాయి. పరీక్ష గొట్టంలో పసుపుగా ఉండాల్సిన నీరు ఆకుపచ్చగా మారింది: అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. తొట్టి నీటి పీహెచ్ 7.8, ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రతలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో అసలైన విషరూపం ఒక శాతం కూడా ఉండదు. 7.8 వద్ద అది నాలుగు శాతం దాటుతుంది. అదే 0.5 ఒక తొట్టిలో చేపలకు అంతగా హాని చేయకపోవచ్చు, మరో తొట్టిలో ఇబ్బంది పెడుతుంది.

నా వడపోత స్పాంజి పాతదే. అందులో బ్యాక్టీరియా ఉంది. అయితే ఆ బ్యాక్టీరియా అంతకు ముందు వస్తున్న అమ్మోనియాకు సరిపడా మాత్రమే పెరిగి ఉంటుంది. మేతను ఒక్కసారిగా రెండింతలు చేస్తే అది అందుకోవడానికి రోజులు పడుతుంది. మేత పూర్తిగా ఆపి, సగం నీరు మార్చాను. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో విరిచి, ఉష్ణోగ్రత సరిచూసి పోశాను. మర్నాడు మళ్లీ సగం మార్చాను. మూడో రోజుకు అమ్మోనియా సున్నా, నైట్రైట్ 0.25. ఇంకో రెండు రోజులకు అదీ పోయింది. ఆ రెండు రాత్రులూ మా అమ్మాయి తొట్టి ముందే కూర్చుంది. ‘నాన్నా, అవి ఆకలి అని అడుగుతున్నాయి, వెయ్యకపోతే ఎలా?’ అంది. పిల్లకే కాదు, పెద్దవాళ్లకు కూడా ఆ చూపును కాదనడం కష్టం. ఆస్కార్ మనిషి ముఖాన్ని గుర్తుపట్టి గాజు దగ్గరకు వస్తుంది. అమ్మాయికి గొట్టంలోని ఆకుపచ్చ రంగు చూపించాను. ఇప్పుడు చుక్కలు లెక్కపెట్టి పరీక్ష చేసేది తనే.

అప్పటి నుంచి మేతను తూచి వేస్తున్నాను. ఇప్పుడు మూడింటికీ కలిపి రోజుకు 3 గ్రాములు, ఉదయం సగం, సాయంత్రం సగం. లెక్క చూడండి. 3 గ్రాముల మేతలో మాంసకృత్తులు 1.35 గ్రాములు. మాంసకృత్తుల బరువులో సుమారు 16 శాతం నత్రజని, అంటే ఇక్కడ 0.216 గ్రాములు. అందులో సగం చేప ఒంట్లో చేరిందనుకున్నా, మిగిలిన 108 మిల్లీగ్రాములు నీటిలోకి వస్తాయి. బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ దాకా మారిస్తే 480 మిల్లీగ్రాముల దాకా అవుతుంది. నా 200 లీటర్ల తొట్టిలో అది రోజుకు లీటరుకు 2.4 మిల్లీగ్రాములు, వారానికి దాదాపు 17. పుస్తకంలో చూస్తే నీరు మార్చని ఒక వారంలో నైట్రేట్ 10 నుంచి 30కి దగ్గరగా పెరిగింది. పరీక్ష గొట్టం రంగు అంత కచ్చితం కాదు కాని, లెక్కకు మరీ దూరంగా లేదు. అందుకే ఇప్పుడు వారానికి రెండుసార్లు, మూడో వంతు చొప్పున నీరు మారుస్తున్నాను. నైట్రేట్ 20 చుట్టూ నిలబడింది. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాను అర నిమిషం పైగా గట్టిగా కుదపకపోతే అడుగున దిగిన మందు కలవక, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. నేను ఒకసారి అలా మోసపోయాను.

డబ్బా గురించి ఇంకో రెండు మాటలు. అడుగున పొడి ఎక్కువ. సన్నని జల్లెడతో వడకడితే 6 గ్రాముల పొడి వచ్చింది. దాన్ని తొట్టిలో వేయకూడదు. అది నేరుగా నీటిని పాడుచేస్తుంది. మూత సరిగా బిగియదు. ఎనిమిదో వారానికి మొదట ఉన్న ఎండుచేపల వాసన పోయి, పాత నూనె కంపు మొదలైంది. తెరిచిన మేతలో కొవ్వు గాలి తగిలి చెడుతుంది, విటమిన్ సి తగ్గిపోతుంది. మూడు పిల్లలకు పది వారాల్లో సగం డబ్బా కూడా ఖర్చు కాలేదు. తెరిచిన రోజే చిన్న సంచుల్లో పంచి, గాలి తీసి చల్లటి చోట దాచి ఉంటే బాగుండేది. మిగిలిన సగం పారేస్తున్నాను. ఇదే కంపెనీ 100 గ్రాముల డబ్బా చేస్తే ఏ సందేహమూ లేకుండా దాన్నే కొంటాను.

డబ్బా మీది ‘ఎరుపు రంగు పెంచుతుంది’ అన్న మాట మీద నేను తీర్పు చెప్పను. పెద్దదాని పక్కల మీద నారింజ చుక్కలు తేలాయి, నిజమే. అయితే ఆస్కార్ పిల్ల ఎదిగే కొద్దీ ఆ తెల్లగీతలు పోయి రంగు రావడం దాని సహజం. మేత వల్ల వచ్చిందని చెప్పాలంటే ఆ మేత తినని జత ఒకటి నా దగ్గర ఉండాలి.

వారానికి ఒకసారి గుళికలు ఆపి, పురుగుమందులు వాడని మట్టిలోంచి తీసి కడిగిన వానపాములను ముక్కలుగా వేస్తాను. ఒక రోజు ఏమీ వేయను. గొడ్డు గుండె మాంసం మాత్రం పెట్టను. క్షీరదాల కొవ్వు చేపకు సరిగా అరగదు. ఈ మేత ఒక్కదానితోనే పెంచవచ్చని కంపెనీ చెబుతుంది. అది తప్పని నేను అనను. అయినా ఒకే డబ్బా మీద మూడు ప్రాణాలను ఆనించడానికి నాకు మనసు ఒప్పలేదు.

తూచి వేసే ఓపిక, నీటి పరీక్ష కిట్టు ఉన్నవారు నిశ్చింతగా కొనవచ్చు. డబ్బా మీది సూచన ప్రకారం వేయాలనుకునేవారు మాత్రం దీన్ని కొనవద్దు. కొత్త తొట్టిలో బ్యాక్టీరియా ఇంకా కుదురుకోకముందు కూడా వద్దు. ఇంత మాంసకృత్తులున్న మేతను అలాంటి నీరు తట్టుకోలేదు. ఇంకో సంగతి: ఆస్కార్ 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. మా 200 లీటర్ల తొట్టి ఈ మూడింటికి ఇంకొన్ని నెలలే. దీనికి మూడింతల తొట్టి కోసం గోడ పక్కన చోటు కొలిచి పెట్టాం.

చిన్నది ఇప్పటికీ సగం ఉమ్ముతుంది. సాయంత్రం మేత వేసిన అయిదు నిమిషాలకు అమ్మాయి చిన్న వలతో ఆ ముక్కలను ఏరి తీస్తుంది, నేను పుస్తకంలో ఎన్ని మిగిలాయో రాస్తాను. నిన్న నాలుగు. మొన్న ఏడు.