షాక్‌వేవ్ సీ2 బెలూన్: పగలగొట్టడం తేలికే, అక్కడిదాకా చేర్చడమే కష్టం

బోరునీళ్లు వాడే ఇంట్లో గీజర్ కాయిల్ విప్పితే పెచ్చులు కట్టి కనిపిస్తుంది. గుండె రక్తనాళం చుట్టూ కాల్షియం అలా పట్టేస్తే, ఎక్కువ ఒత్తిడికీ అంతగా సాగని నాన్‌కంప్లయంట్ బెలూన్‌తో 20 అట్మాస్ఫియర్ల (గాలి పీడనానికి 20 రెట్లు) ఒత్తిడితో నొక్కినా అది కదలదు. పైగా కాల్షియం లేని మెత్తని వైపు సాగి చిరిగే ప్రమాదం. షాక్‌వేవ్ సీ2 బెలూన్ ఇలా నొక్కుడు మీద ఆధారపడదు. కిడ్నీలో రాళ్లను ఒత్తిడి అలలతో పగలగొట్టే లిథోట్రిప్సీని 12 మి.మీ. బెలూన్‌లోకి దించారు. లోపల అలలు పుట్టించే ఎమిటర్ల దగ్గర విద్యుత్ నిప్పురవ్వ పుట్టి, ద్రవం బుడగై ఉబ్బి కూలిపోతూ ఒత్తిడి అలలు పుట్టిస్తుంది. ఆ అలలు మెత్తని కండను దాటిపోయి గట్టి కాల్షియాన్ని మాత్రం చీలుస్తాయి.

ఎవరికి అవసరం? ఓసీటీలో (నాళం లోపలి నుంచి కాంతితో తీసే స్కాన్) కాల్షియం 180 డిగ్రీలు దాటి చుట్టుకుని, మందం 0.5, పొడవు 5 మి.మీ. మించితే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. అలాంటి చోట ఇది పనికొస్తుంది.

పద్ధతి సూటిగానే ఉంటుంది. కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం), సెలైన్ సగం సగం కలిపి, బెలూన్‌లో గాలి మిగలకుండా సిరంజితో లాగాలి. తొందరపడి ఇక్కడే తప్పు చేస్తారు. గాలి మిగిలితే అల అందులోనే నీరసిస్తుంది. తర్వాత 4 అట్మాస్ఫియర్లకు ఉబ్బించి, సెకనుకొకటి చొప్పున 10 పల్సులు (అల దెబ్బలు) ఇవ్వాలి. ఆపై 6కి పెంచి, దించేసి, రక్తం పారనివ్వాలి. సైజు నాళానికి 1:1 ఉండాలి. భయపడి చిన్నది ఎంచుకుంటే బెలూన్ గోడకు ఆనదు, పల్సులు దండగ. పల్సుల మధ్య ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే బెలూన్ చిరిగిందనుకోండి.

ఈసీజీ మానిటర్ మీద పల్సుకో గుండె బీట్ పడితే గాభరా వద్దు. 2021లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతికి ఆధారమైన డిస్రప్ట్ క్యాడ్ 3 అధ్యయనంలో 41 శాతం మందికి అలా జరిగింది. దానివల్ల ఆగకుండా సాగిన వెంట్రిక్యులర్ అరిథ్మియా (గుండె కింది గదుల లయ తప్పడం) ఒక్కరికీ రాలేదు. 30 రోజుల్లో పెద్ద గుండె సమస్య లేనివాళ్లు 92.2 శాతం.

అసలు లోపం లావు. ఎమిటర్లున్న బెలూన్ కదా, సన్నటి సందులోకి దూరదు. ముందు 1.5 లేదా 2 మి.మీ. బెలూన్‌తో దారి చేయాలి, గైడ్ ఎక్స్‌టెన్షన్ (గైడ్ గొట్టాన్ని నాళం లోపలికి పొడిగించే సన్నని గొట్టం) సాయం తీసుకోవాలి. అదీ కుదరకపోతే గిర్రున తిరిగి కాల్షియాన్ని అరగదీసే రోటాబ్లేటర్ బర్‌తో సొరంగం తొలిచి ఆపై దీన్ని పంపాలి. బెలూన్‌కు దారి చూపే వైరే దాటని బ్లాక్‌కి ఇది ఎందుకూ కొరగాదు. కణుపుల్లా పొడుచుకొచ్చిన కాల్షియంలో ఫలితం అంత నమ్మకంగా ఉండదు.

ఇక ఖర్చు. 2017 ఫిబ్రవరిలో మన దేశంలో స్టెంట్లకు పెట్టిన ధర పరిమితి దీనికి లేదు, కాబట్టి బిల్లులో ఇదో పెద్ద పద్దు. ఒక సీ2 కేథటర్‌కు (బెలూన్ బిగించిన సన్నని గొట్టం) 80 పల్సులే. 30 మి.మీ. బ్లాక్‌లో మూడుచోట్ల నిలిపి, చోటుకు 20 చొప్పున కొడితే చేతిలో మిగిలేది 20. అంతకన్నా పొడుగు బ్లాక్ అయితే 120 పల్సుల సీ2 ప్లస్సే మొదట తెప్పించుకోవాలి.