నోటు మీద సంతకం నాది కాదంటే, నిపుణుడి ఖర్చు ఎవరిది?

ప్రామిసరీ నోటుపై సంతకం ఫోర్జరీ అనే పేదవాడికి రెండు దారులున్నాయి. ప్రైవేటు చేతిరాత నిపుణుడైతే పని త్వరగా అవుతుంది. కానీ నివేదికకు ఫీజు, సాక్ష్యానికి వస్తే మళ్లీ ఫీజు, దారి ఖర్చులు అదనం. ఇంతా చేస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో పడే ప్రశ్న: "మీకు డబ్బిచ్చింది ఎవరు?"

రెండోది, సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్, 10ఎ రూల్ కింద దరఖాస్తు చేసి, కోర్టు ద్వారానే నోటును నిపుణుడి పరిశీలనకు పంపించడం. ఆలస్యం తప్పదు. పోల్చి చూడటానికి నోటు కాలం నాటి, వివాదం లేని సంతకాలు వెతికిపెట్టుకోవాలి. పాత బ్యాంకు కాగితాలు, రిజిస్టర్డ్ దస్తావేజులు ఇక్కడే అక్కరకొస్తాయి. ఖర్చు సాధారణంగా అడిగినవారే కట్టాలి. అయినా నా మొగ్గు ఇటే, ఆ నిపుణుడు ఎవరి మనిషీ కాడు కనుక. డబ్బు లేకపోతే ముందే, ఉచిత న్యాయ సహాయం ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఈ సహాయానికి మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితితో పనిలేదు.