పాత పన్ను విధానమా, కొత్తదా? మా రెండిళ్ల లెక్క

ఆదాయపు పన్ను రిటర్న్ వేసే రోజులొస్తే చాలు, మా తమ్ముడి నుంచి ఫోన్: "అక్కా, ఈసారి పాతదా, కొత్తదా?" ఈసారి నేనే విజయవాడ పటమటలో వాళ్లింటికి వెళ్లాను. జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే ఫారం 16లు ఇద్దరివీ ముందు పెట్టుకుని 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్క తేల్చాం. జీతం మీద బతికే ఇళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నాది. జీతం ఏడాదికి 12 లక్షలు. సత్యనారాయణపురంలో ఫ్లాట్, దాని మీద లోను. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్, అంటే జీతగాళ్లందరికీ నేరుగా తీసేసే మొత్తం, 75 వేలు పోగా 11.25 లక్షలు. 12 లక్షల లోపే కాబట్టి రిబేటు (పన్ను మాఫీ) వచ్చి పన్ను సున్నా. పాతదాంట్లో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సి కింద (పీపీఎఫ్, ఎల్‌ఐసీ లాంటి పొదుపులకు) లక్షన్నర, లోను వడ్డీ 2 లక్షలు, హెల్త్ పాలసీ 25 వేలు, అన్నీ నిండుగా చూపించినా దాదాపు 70 వేలు కట్టాలి. జీతం 12.75 లక్షలు దాటనివాళ్లు ఇక ఆలోచించక్కర్లేదు, కొత్తదే.

అయితే ఒక నష్టం ఉంది, అది పన్ను లెక్కలో కనపడదు. పాత విధానంలో ఆ 80సి మినహాయింపు కోసం మార్చి వచ్చేసరికి పీపీఎఫ్‌లోనో ఎల్‌ఐసీలోనో డబ్బు వేయక తప్పేది కాదు. మా ఇంట్లో నాలుగు రాళ్లు వెనకేశామంటే ఆ టెన్షన్ వల్లే. కొత్తదానికి మారిన ఏడాది పీపీఎఫ్‌లో ఖాతా ఆగిపోకుండా 500 వేసి ఊరుకున్నాను. నెలకు 5,800 దాకా మిగలాలి కదా, ఏమైందని ఖర్చుల పుస్తకం తీస్తే స్కూల్ బస్సు ఫీజు, పాలు, పెట్రోలు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. రోజూ బెంజ్ సర్కిల్ దాకా బండి మీద వెళ్లొచ్చేవాళ్లకు ఆ పన్నులో రిబేటు ఉండదు. ఒక్క ఊరట, 2025 సెప్టెంబర్ 22 నుంచి మనం సొంతంగా కట్టుకునే హెల్త్ పాలసీ మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. ఇప్పుడు జీతం పడిన మర్నాడే 5,000 బ్యాంకు ఆర్డీలోకి (నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్లిపోయేలా పెట్టాను. చేతిలో ఉంటే ఆగదు.

తమ్ముడిది చిక్కు లెక్క. జీతం 16 లక్షలు. గుంటూరు బ్రాడీపేటలో లోను మీద కొన్న ఇంట్లో అమ్మా నాన్నా ఉంటారు. వాడు ఉద్యోగం కోసం ఇక్కడ 23,500 అద్దె కడుతున్నాడు. కొత్త విధానంలో పన్ను 1,13,100. పాతదాంట్లో స్టాండర్డ్ డిడక్షన్, 80సి, లోను వడ్డీ, తన పాలసీ 25 వేలు, అమ్మానాన్నల పాలసీ 50 వేలు తీసేసినా 1,56,000. దానికి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు మరో 2 లక్షలు తోడైతేనే దాదాపు 1,01,000కు దిగుతుంది. అంటే అద్దె, లోను రెండూ ఉన్న ఇంటికి పాతది మేలు, అదీ 12 వేలే.

ఆ 12 వేలూ ఇంటి ఓనరు పాన్ నంబరు మీద ఆధారపడి ఉన్నాయి. అద్దె ఏడాదికి లక్ష దాటితే కంపెనీకి ఓనరు పాన్ ఇవ్వాలి. వాడు అడిగితే ఓనరు గారు, "పాన్ కావాలంటే వచ్చే నెల నుంచి అద్దె ఇంకో రెండు వేలు వేసుకో" అన్నారట. ఏడాదికి 24 వేలు! అది విని వాడి భార్య రసీదుల కవరు బీరువాలో పెట్టేసింది. వాడు కూడా ఈసారి కొత్తదే వేస్తున్నాడు.